జీతం లేని మంచు బాట

పొలం ఒకరిది, దాని మీద పడిన మంచు దేవుడిది, ఆ మంచును బాటగా మార్చే చెమట మాత్రం ఊరివాళ్లది. అమెరికా ఉత్తరాన చలికాలమంతా బళ్లు పరిగెత్తే వేల కిలోమీటర్ల దారులు ఇలాగే నడుస్తున్నాయి. ఇంకెన్నాళ్లు నడుస్తాయన్నదే ఇప్పుడక్కడి క్లబ్బుల బెంగ.

మనాలీకో గుల్మార్గ్‌కో వెళ్లొచ్చినవాళ్లకి మంచు మీద పరిగెత్తే స్కూటర్ తెలిసే ఉంటుంది. ముందు రెండు స్కీలు, వెనక గిరగిరా తిరిగే రబ్బరు పట్టా. డబ్బులిచ్చి ఎక్కితే కాసేపు తిప్పి దింపేస్తారు. మనకది టూర్‌లో ఓ సరదా. అదే బండి కెనడాను ఆనుకుని ఉండే మిన్నెసోటా రాష్ట్రంలో చలికాలపు జీవితంలో ఓ భాగం. అక్కడ దాన్ని స్నోమొబైల్ అంటారు. దానికోసం రాష్ట్రమంతటా దాదాపు 22,000 మైళ్ల బాటలున్నాయి. అంటే 35,000 కిలోమీటర్ల పైమాటే! ఇంత పొడవు బాటను ఏ ప్రభుత్వ శాఖో చూసుకుంటుందనుకుంటాం కదా. ఎక్కువ భాగం చూసేది ఊరూరా ఉన్న స్నోమొబైల్ క్లబ్బులే. పగలు ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుని, రాత్రుళ్లూ సెలవురోజుల్లోనూ బాట పనికి వచ్చే మామూలు మనుషులు వాళ్లు. మన మాటల్లో చెప్పాలంటే శ్రమదానం.

కొడుకును పోగొట్టుకున్న ఇంట్లోంచి...

ఈ బండి కథ విషాదంతో ముడిపడి ఉంది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో వల్కూర్ అనే ఊరు. జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అక్కడ మెకానిక్. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి అపెండిక్స్ ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి పిల్లాణ్ని ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. ఇంట్లో తయారుచేస్తున్న మంచు బండి అప్పటికింకా పూర్తి కాలేదు. పిల్లాడు చనిపోయాడు. ఆ తర్వాత పట్టుదలగా పనిచేసి 1937లో పట్టాతో నడిచే వాహనానికి పేటెంట్ తెచ్చుకున్నాడు. మొదట వచ్చినవి డాక్టర్లనూ, ఉత్తరాలనూ, బడిపిల్లలనూ మోసే పెద్ద బళ్లు. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి ‘స్కీడూ’ 1959లో వచ్చింది. అదే 50ల్లో మిన్నెసోటాలోని రోసో అనే చిన్న ఊళ్లో పొలారిస్ కంపెనీ కూడా మంచు బళ్లు మొదలుపెట్టింది.

అరవైల్లో, డెబ్బైల్లో ఈ బళ్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు ఎక్కడ మంచు కనిపిస్తే అక్కడ తోలేశారు. చేలూ, తోటలూ, కంచెలూ ఏవీ చూసుకోలేదు. రైతులకు ఒళ్లు మండింది. ఇలాగైతే బళ్లనే నిషేధిస్తారని గ్రహించిన కొందరు ఊరివాళ్లు క్లబ్బులు పెట్టుకున్నారు. రైతుతో మాట్లాడి ఒక దారి అడగాలి, అందరూ ఆ దారిలోనే వెళ్లాలి. ఇప్పుడున్న బాటలన్నిటికీ పునాది ఆ ఒప్పందమే.

ఒక్కరు కాదంటే...

బాటలో చాలా భాగం ప్రైవేటు భూముల్లోంచే వెళ్తుంది. ఒక పాతిక మైళ్ల బాట వేయాలంటే పదుల మంది రైతులు సరేననాలి. అద్దె ఇవ్వరు, భూమి కొనరు. చాలాచోట్ల ఆ అనుమతి కూడా ఏడాదికే. అందుకే ఏటా క్లబ్బు మనిషి ఆ ఇళ్ల తలుపు తట్టాలి. కుశలం అడగాలి, కాఫీ తాగాలి, నిరుటి బాటతో ఏమైనా ఇబ్బంది కలిగిందా అని వినాలి. సీజన్ ముగిశాక భూములిచ్చిన రైతు కుటుంబాలను భోజనానికి పిలిచి కృతజ్ఞతలు చెప్పడం చాలా క్లబ్బుల్లో ఆనవాయితీ.

‘నా పొలంలో ఎవడైనా పడి కాలు విరగ్గొట్టుకుంటే కేసు నామీదకొస్తుందా?’ రైతుకు ముందుగా వచ్చే అనుమానం ఇదే. డబ్బు తీసుకోకుండా జనాన్ని తన భూమిలో తిరగనిచ్చిన యజమానికి అక్కడి చట్టం చాలావరకు రక్షణ ఇస్తుంది. పైగా క్లబ్బులు బీమా కడతాయి. ఈ సంగతి ఓపిగ్గా వివరించడం కూడా వాలంటీర్ల పనే.

ఇంత కష్టపడి సంపాదించిన అనుమతిని చెడగొట్టడానికి ఒక్క ఆకతాయి చాలు. బాట దాటి బండిని చేలోకి తోలితే కింద ఉన్న అల్ఫాల్ఫా దెబ్బతినొచ్చు. మన రైతులు లూసర్న్ గడ్డి అంటారే, అదే. మంచు ఆ పైరుకు దుప్పటి లాంటిది. బండి బరువుకు అది అణిగి గట్టిపడితే చలి వేళ్లదాకా దిగుతుంది. కొత్తగా నాటిన పైన్ మొక్కలైతే తలలు విరిగిపోతాయి. వసంతంలో అది చూసిన రైతు ‘వచ్చే ఏడాది రావద్దు’ అంటే ఇక అంతే. దారాన్ని మధ్యలో తెంపినట్టు, ఒక్క పొలం మూసుకుంటే అటూ ఇటూ ఉన్న మైళ్ల బాట పనికిరాకుండా పోతుంది. మళ్లీ పక్క రైతును బతిమాలాలి, కొత్త దారి కొట్టాలి, ఒక్కోసారి కొత్తగా వంతెన కూడా కట్టాలి.

మంచు పడకముందే...

బళ్లు తిరిగేది డిసెంబరు నుంచి మార్చి దాకా. పని మాత్రం సెప్టెంబరులోనే మొదలవుతుంది. వేసవిలో ఏపుగా పెరిగిన కొమ్మలు కొట్టాలి. గాలికి పడిన చెట్లను రంపాలతో కోసి పక్కకు లాగాలి. వాగుల మీద చెక్క వంతెనలు పుచ్చిపోయాయేమో చూడాలి. మొక్కజొన్న, సోయా కోతలు అయ్యాక చేలల్లో గుర్తు కర్రలు పాతాలి. అదీ నేల గడ్డకట్టకముందే. ఆలస్యమైతే కర్ర దిగదు. మలుపు దగ్గర బాణం గుర్తు, రోడ్డు దాటేచోట ఆగమనే బోర్డు. చీకట్లో, మంచు తుపానులో దారి చూపేవి అవే. మార్చి దాటగానే రైతు దున్నకముందే ఆ కర్రలన్నీ పీకేయాలి. ఒక్కటి మర్చిపోయినా అది రైతు యంత్రంలో ఇరుక్కుంటుంది, మరుసటి ఏడాది మాట పోతుంది.

రాత్రి డ్యూటీ

మంచు పడ్డాక అసలు పని. బళ్లు వేగం అందుకునేటప్పుడూ, బ్రేకు వేసేటప్పుడూ మంచు కుప్పలుగా తేలుతుంది. రెండు రోజులు తిరిగితే చాలు, బాటంతా గతుకులే. దాన్ని సరిచేసే యంత్రం గ్రూమర్. పట్టాలు బిగించిన ట్రాక్టరు, దాని వెనక పొడవాటి ఇనుప చట్రం. దమ్ము చేశాక పొలం చదునుకు బల్ల తోలతాం చూడండి, ఇంచుమించు అలాంటిదే. చట్రానికున్న బ్లేడ్లు గతుకుల్ని అడుగుదాకా కోసి, ఆ మంచును కలగలిపి గుంటల్లో నింపుతాయి. చివరనున్న రేకు అణిచి గట్టి చేస్తుంది. ఆ తర్వాత కొన్ని గంటలపాటు ఎవరూ తొక్కకపోతే అది గడ్డకట్టి రోడ్డులా నిలుస్తుంది. అందుకే ఈ పని రాత్రిపూట చేస్తారు. చలి ఎక్కువ, బళ్లు తక్కువ.

గ్రూమర్ వేగం గంటకు పది, పదిహేను కిలోమీటర్లకు మించదు. వేగం పెంచితే బ్లేడ్లు మంచు మీద ఎగురుతాయి తప్ప కోయవు. అంటే అరవై కిలోమీటర్ల బాట సరిచేయాలంటే ఒక రాత్రి అయిపోయినట్టే. బయట మైనస్ ఇరవై డిగ్రీల చలి, క్యాబిన్‌లో ఒక్కడే మనిషి. తెల్లారాక బాట మీద హాయిగా దూసుకెళ్లేవాళ్లలో చాలామందికి ఆయన పేరు కూడా తెలియదు.

డబ్బెక్కడిది?

ప్రభుత్వం అసలే ఇవ్వదని కాదు. స్నోమొబైళ్ల రిజిస్ట్రేషన్ ఫీజులూ, పెట్రోలు పన్నులో కొంత వాటా కలిపి ఒక ప్రత్యేక నిధిలో వేస్తారు. అందులోంచి కౌంటీ లేదా పట్టణ పాలకవర్గం ద్వారా క్లబ్బులకు సాయం అందుతుంది. అంటే బండి యజమానులు కట్టిందే బాటకు వెళ్తుందన్నమాట. అయితే కొత్త గ్రూమర్ సెట్టు ధర రెండు లక్షల డాలర్లకు పైనే. డీజిలుకూ రిపేర్లకూ వేరే ఖర్చు. ఆ లోటు పూడ్చుకోవడానికి క్లబ్బులు పాన్‌కేక్ టిఫిన్లు పెడతాయి, సభ్యత్వాలు అమ్ముతాయి. అక్కడి బార్లలో ‘మీట్ రాఫుల్’ అనే వింత లాటరీ ఉంటుంది. డాలరు పెట్టి టికెట్ కొంటే, తగిలినవాళ్లకి బహుమతి మాంసం ప్యాకెట్! అలా పోగైన చిల్లరే ట్రాక్టరు చక్రాలు తిప్పుతుంది.

దీంతో బతికేది క్లబ్బులొక్కటే కాదు. చలికాలంలో ఉత్తరాది చిన్న ఊళ్ల లాడ్జీలకూ, పెట్రోలు బంకులకూ, కెఫేలకూ గిరాకీ తెచ్చేది ఈ బాటలే. బాట మూతపడితే ఆ ఊళ్లో క్యాష్ కౌంటర్ కూడా మూగబోతుంది.

మంచు రాని ఏడాది

2023-24 చలికాలం మిన్నెసోటా రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. చాలాచోట్ల మంచు నిలవలేదు, గ్రూమర్లు షెడ్డు దాటలేదు. కానీ కొమ్మలు కొట్టడం, కర్రలు పాతడం ఎప్పట్లాగే అయిపోయింది. ట్రాక్టరు వాయిదాలు ఆగలేదు. బండి బయటికి తీయనివాడు సభ్యత్వం ఎందుకు కట్టాలనుకుంటాడు? పొరుగున విస్కాన్సిన్‌లోనూ అదే తంతు. దూరాన మెయిన్ రాష్ట్రంలో మరో రకం దెబ్బ. 2023 డిసెంబరులో వచ్చిన తుపాను, వరదలు అక్కడి బాటల్నీ, వంతెనల్నీ కొట్టుకుపోయాయి.

మంచు మళ్లీ పడొచ్చు. మనుషులు దొరకడమే కష్టం. పనిచేసేవాళ్లలో తలనెరిసినవాళ్లే ఎక్కువని చాలా క్లబ్బులు బాధపడుతున్నాయి. బండి నడిపే కుర్రాళ్లకు లోటు లేదు, రంపం పట్టేవాళ్లకే లోటు. రైతు చనిపోతే నగరంలో ఉన్న పిల్లలు పొలం అమ్మేస్తారు. కొత్త యజమానికి ఆ క్లబ్బుతో స్నేహం ఉండదు. నలభై ఏళ్ల పరిచయం ఒక్క రిజిస్ట్రేషన్‌తో చెరిగిపోతుంది. ఏ రైతుకు ఏ పండుగకి ఫోన్ చేయాలో, ఏ వాగు ఎప్పుడు గడ్డకడుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది పెద్దాయన బుర్రలో ఉంటుంది. ఆయన పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు లేకపోతే ఆయనతోనే పోతుంది.

మీవాళ్లుంటే...

మినియాపోలిస్ చుట్టుపక్కల మీ పిల్లలో బంధువులో ఉంటే ఈ చలికాలం వాళ్లకో మాట చెప్పండి. మిన్నెసోటాలో నివాసం ఉంటూ 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లు స్నోమొబైల్ నడపాలంటే భద్రతా శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. ఆ పాఠాలు చెప్పేవాళ్లలోనూ వాలంటీర్లే ఎక్కువ. గడ్డకట్టిన చెరువు కనిపించిందని దూకేయొద్దు. స్నోమొబైల్‌కి కనీసం 5 నుంచి 7 అంగుళాల గట్టి మంచుగడ్డ ఉండాలన్నది అక్కడి అధికారుల సూచన. గుర్తు కర్రలు దాటి పొలంలోకి వెళ్లొద్దు. ఎదురుగా గ్రూమర్ వస్తే వేగం తగ్గించి పక్కకు తప్పుకోవాలి.

వీలైతే దగ్గర్లోని క్లబ్బులో సభ్యత్వం తీసుకోమనండి. ఇంకా వీలైతే అక్టోబరులో ఒక్క శనివారం వెళ్లి నాలుగు కర్రలు పాతి రమ్మనండి. మంచు పడుతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా అక్కడివాళ్లు ఏటా పాతుతూనే ఉన్నారు.