‘హే జూడ్’ గీతం: నేపథ్యం, అర్థం

బీటిల్స్ బృందం 1968 ఆగస్టులో విడుదల చేసిన ‘హే జూడ్’ గీతానికి ప్రేరణ ఒక బాలుని దుఃఖం. జాన్ లెనన్, సింథియా దంపతులు విడిపోయిన నాటికి వారి కుమారుడు జూలియన్ వయస్సు ఐదేళ్లు. ఆ తల్లీబిడ్డలను పరామర్శించేందుకు కారులో వెళ్తూ పాల్ మెకార్ట్నీ ఈ పాటకు శ్రీకారం చుట్టారు. తొలుత ‘జూల్స్’ అని ఉన్న సంబోధనను పాడటానికి అనువుగా ‘జూడ్’ అని మార్చారు. దీనితో ఆ పిలుపు ఒక్క బాలునికే పరిమితం కాలేదు. అది తనను ఉద్దేశించినదేనని లెనన్ సైతం భావించారు.

ఏడు నిమిషాలకు పైబడిన ఈ గీతంలో సగానికి మించిన భాగం ప్రధానంగా అర్థంలేని అక్షరాల ఆవృత్తితో సాగుతుంది. ధ్వనిముద్రణలో వాద్యకారులు కూడా ఇక్కడ గొంతు కలిపారు. ఆంగ్లం రాని శ్రోత సైతం ఈ భాగాన్ని పాడగలడు. ఒకరికోసం పుట్టిన ఓదార్పు బృందగానంగా మారడానికి ఈ నిర్మాణమే ముఖ్యకారణం.