మీకు తెలుసా? కుండీ అడుగున రాళ్లు వేస్తే బురద పైకొస్తుంది

జేడ్ మొక్కో, కలబందో, గులాబీ పువ్వులా విచ్చుకున్న ఎచెవేరియానో కుండీలో పెట్టేటప్పుడు అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లు పరవడం చాలామందికి అలవాటు. నీరు చప్పున దిగిపోతుందని నమ్మకం. జరిగేది తలకిందులు! సన్నటి మట్టి నీటిని తనలో పట్టి ఉంచుకుంటుంది. దాని కింద పెద్ద పెద్ద సందులున్న రాళ్ల పొర తగిలితే, మట్టి అడుగు పూర్తిగా నానేదాకా నీరు ఆ సందుల్లోకి దిగదు. నీళ్లు కారడం ఆగాక ప్రతి కుండీలోనూ మట్టి అడుగున కాస్త మేర చిత్తడిగా మిగిలిపోతుంది. రాళ్లు వేసినప్పుడు ఆ చిత్తడి పోదు, రెండంగుళాలు పైకి జరిగి నేరుగా వేళ్లను పట్టుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే గిన్నెలు తోమే స్పాంజిని బాగా ముంచి తీసి, అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి. మళ్లీ కారుతుంది! ఎత్తు పెరిగేకొద్దీ అడుగున నిలిచే నీటి వాటా తగ్గుతుందన్నమాట. లోతు లేని పళ్లెం లాంటి కుండీల్లో ఈ మొక్కలు ఎందుకు త్వరగా కుళ్లుతాయో ఇక వేరే చెప్పనక్కర్లేదు. చిల్లు లేని పింగాణీ కప్పుల్లో పెట్టి అమ్ముతుంటారు చూడండి, అవి చూడ ముచ్చటగా ఉంటాయి గానీ మొక్క పాలిట ఊబులే. అడుగున రాళ్లకు బదులు చిల్లు మీద చిన్న దోమతెర ముక్క వేస్తే చాలు, మట్టి జారిపోదు.

అసలు సంగతంతా మట్టిలోనే ఉంది. సన్న ఇసుక కలిపితే మట్టి గుల్లబారుతుందనుకుంటాం. అది ఉన్న సందుల్ని కూడా పూడ్చేస్తుంది. పిండి జల్లిస్తే కింద పడింది వాడతాం కదా, ఇక్కడ జల్లెడలో మిగిలింది కావాలి. ఆవగింజకన్నా పెద్దగా, కందిగింజకు అటూ ఇటూగా ఉండే ఏటి ఇసుక, ఇటుక ముక్కలు, పెర్లైట్ – వీటిలో ఏదైనా సగం పాళ్లు. మిగతా సగంలో ఎర్రమట్టి, కాస్త వర్మీకంపోస్ట్. నల్లరేగడి జోలికి వెళ్లకండి. ఇంకో మాట: నర్సరీ మొక్కలు తరచూ కొబ్బరి పొట్టులో పెరిగి వస్తాయి. తడిస్తే అది ఎంతకీ ఆరదు. కుండీ మార్చేటప్పుడు దాన్ని వేళ్ల నుంచి మెల్లగా రాల్చేయడం మంచిది.

బంతి నారు నాటగానే చెంబుతో నీళ్లు పోస్తాం. జేడ్, కలబంద లాంటి ఈ మొక్కలకు అది పనికిరాదు. కుండీ మార్చేటప్పుడు ఎంత జాగ్రత్త పడినా కొన్ని వేళ్లు తెగుతాయి. ఆ గాయాలు ఆరకముందే తడి తగిలితే కుళ్లు మొదలవుతుంది. నల్లబడి మెత్తగా ఉన్న వేళ్లు కత్తిరించి, మొక్కను రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి మట్టిలోనే నాటి, ఆపైన ఓ వారం దాకా ఓపిక పట్టాలి. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు గానీ, ఇక్కడ నారు పోసినవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కొత్త కుండీ పాతదానికన్నా ఒక అంగుళం పెద్దదైతే చాలు. మట్టి కుండీ అయితే మరీ మేలు, గోడల నుంచి కూడా తడి ఆరుతుంది.

ఆ తర్వాత పోసేటప్పుడు మాత్రం చెంచాలతో కొలవకండి. చిల్లులోంచి కారేదాకా పోసి, మట్టి నిలువునా ఎండేదాకా మళ్లీ ఆ వైపు చూడకూడదు. కాలిపోయిన అగరుబత్తి పుల్ల లోపలికంటా గుచ్చి తీస్తే, మట్టి అంటుకోకుండా పొడిగా రావాలి. ఆకు ముడతలు పడితే దాహం. పసుపుబారి, నీళ్లు నిండినట్టు మెత్తబడితే నీరెక్కువైందని గుర్తు. మట్టి తడిగా ఉండి కూడా ఆకు ముడుచుకుందంటే వేళ్లు కుళ్లి ఉండొచ్చు. అప్పుడు ఇంకా నీళ్లు పోయడం చేజేతులా చంపుకోవడమే.

ఇన్నాళ్లు నీరు లేకుండా ఎలా బతుకుతాయంటే, ఈ మొక్కలు చాలావరకు రాత్రి పూట గాలి పీలుస్తాయి. ఆకు రంధ్రాలు చల్లని వేళ తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. పగలు తలుపులు బిగించుకుని, దాచినదాన్ని వెలుతురుతో వండుకుంటాయి. ఎండపూట ఆకుల్లోంచి నీరు ఆవిరవడం అలా తగ్గిపోతుంది.

ఈ గుట్టు ఓసారి నాలుకకు చిక్కింది. సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటల్లో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తర్వాత అదే పనిలో ఉన్న బెంజమిన్ హేన్, రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని 1813లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ వారికి ఉత్తరం రాశాడు. రెండేళ్లకు అది అచ్చయింది. పొద్దుటి పులుపు ఎంతంటే, ఆయన పోల్చింది చుక్కకూర జాతి ఆకుతో! రాత్రంతా పోగైన ఆమ్లమే ఆ పులుపు. ఈ రాత్రి విద్యకు శాస్త్రం పెట్టిన పేరులో ఉన్నదీ రణపాల కుటుంబం పేరే: క్రాసులేసి. మన కిటికీలోని జేడ్ మొక్కదీ, ఎచెవేరియాదీ అదే ఇంటిపేరు.