మూడు మ్యాచ్‌లు, ఎనిమిది వందల గజాలు

2025 ఏప్రిల్ 8 నుంచి 12 దాకా పుణెలో భారత మహిళల టెన్నిస్ జట్టు ఐదు రోజుల్లో ఐదు దేశాలతో తలపడింది. న్యూజిలాండ్ చేతిలో ఓడింది. థాయ్‌లాండ్, హాంకాంగ్, చైనీస్ తైపీ, దక్షిణ కొరియాల మీద గెలిచింది. ఆ వారం హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఐదు సింగిల్స్ ఆడి ఒక్కటీ ఓడలేదు. ఐదుగురి జట్టులో ఇంకో హైదరాబాదీ యమలపల్లి సహజ. ఆ నాలుగు గెలుపులతో మన జట్టు బిల్లీ జీన్ కింగ్ కప్ ప్లేఆఫ్స్‌కు చేరింది. అక్కడిదాకా వెళ్లడం చరిత్రలో అది రెండోసారి.

ఎల్బీ నగర్ వాళ్లకు ఏప్రిల్ 12 గుర్తుండే ఉంటుంది, కానీ టెన్నిస్ వల్ల కాదు. ఆ శనివారం రాత్రి నాగోల్ దాటితే వచ్చే ఉప్పల్ స్టేడియంలో అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టాడు. సన్‌రైజర్స్ 246 పరుగుల లక్ష్యాన్ని ఊదిపారేసింది. మర్నాడు కొత్తపేట టీకొట్టు దగ్గర ఆ ముచ్చటే నడిచింది తప్ప శ్రీవల్లి ఊసు రాలేదంటే ఎవరినీ తప్పుపట్టలేం. 141 అర్థం కావడానికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఐదుకు ఐదు ఎంత పెద్ద సంగతో తెలియాలంటే మాత్రం కొంచెం లెక్క చెయ్యాలి.

ఈ కప్పు 1963లో లండన్‌లో 16 దేశాలతో ఫెడరేషన్ కప్‌గా మొదలైంది. 1995లో ఫెడ్ కప్ అయింది. 2020లో అమెరికా క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ పేరు పెట్టారు. ఎక్కువసార్లు గెలిచింది అమెరికానే, 18 సార్లు. భారత్ ఇందులో అడుగుపెట్టింది 1991లో. పురుషుల డేవిస్ కప్‌లో మనవాళ్లు 1921 నుంచే ఆడుతున్నారు, 1966, 1974, 1987లలో ఫైనల్ దాకా వెళ్లారు. అమ్మాయిల జట్టు మొదలవడమే 70 ఏళ్లు ఆలస్యం. ఈ ఒక్క అంకె పక్కన పెట్టుకుంటే ప్లేఆఫ్స్ అనే మాటకు విలువ తెలుస్తుంది.

ఇక ఆట లెక్క. ఆసియా-ఓషియానియా గ్రూపులో ఒక పోరుకు మూడు మ్యాచ్‌లు: రెండు సింగిల్స్, ఒక డబుల్స్. మూడింట్లో రెండు గెలిస్తే పోరు మనదే. మ్యాచ్‌ల వరసను మార్చుకోవడానికి వీల్లేదు. సింగిల్స్ ఆడే ఇద్దరిలో ర్యాంకులో వెనకున్న అమ్మాయి ముందు ఆడుతుంది, ఆమెకు అవతలి జట్టులోని రెండో అమ్మాయే ఎదురు. తర్వాత మొదటి ర్యాంకుల వాళ్లు. డబుల్స్ ఆఖర్న. ఆరు జట్ల గ్రూపులో ఒక్కో జట్టుకు ఐదు పోరాటాలు, అంటే 15 మ్యాచ్‌లు.

రెండు జట్లూ సమఉజ్జీలని, ప్రతి మ్యాచ్ బొమ్మా బొరుసా లాంటిదని అనుకుందాం. అప్పుడు పోరు గెలిచే అవకాశం 50 శాతం. జట్టులో ఒక్క అమ్మాయి తన సింగిల్స్ ఖాయంగా గెలుస్తుందనుకోండి. మిగతా రెండింట్లో ఒకటి గెలిస్తే చాలు. రెండూ ఓడే అవకాశం నాలుగో వంతు, కాబట్టి మన అవకాశం ఒక్కసారిగా 75 శాతానికి ఎగబాకుతుంది. పుణెలో శ్రీవల్లి చేసిన పని ఇదే. ప్రతి పోరులో జట్టు చేతిలో ఒక గెలుపు పెట్టింది, ఐదింట నాలుగుసార్లు రెండోది ఎవరో ఒకరు తెచ్చారు.

ఈ లెక్కకు ఇంకో ముఖం సానియా మీర్జా. ముంబయిలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన సానియా 2005లో ఈ నగరంలోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది, భారత మహిళల్లో ఆ ఘనత ఆమెకే మొదట దక్కింది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. తర్వాత మణికట్టు గాయాలు వేధించాయి, 2013 నుంచి డబుల్స్‌కే పరిమితమైంది. 2015 ఏప్రిల్ 12న మార్టినా హింగిస్‌తో కలిసి చార్ల్‌స్టన్‌లో టైటిల్, 13న డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్. మరి 14న? హైదరాబాద్‌లో ఫెడ్ కప్ ఆసియా-ఓషియానియా రెండో గ్రూపు పోటీలు మొదలయ్యాయి, సానియా అక్కడ ఉంది. ప్రపంచ నంబర్‌వన్ ఆడుతున్న జట్టు ఆసియాలోనే రెండో గ్రూపులో! ఆ వారం గెలిచి మొదటి గ్రూపులోకి ఎక్కింది. టెన్నిస్ సింగిల్స్‌లో వెనకబడిన దేశానికి డబుల్స్ రాణి ఉంటే ఏమవుతుందో, ఏం కాదో చెప్పడానికి ఆ మూడు తేదీలు చాలు.

ఏమవుతుందో 2020 మార్చిలో దుబాయ్ చూపించింది. బిడ్డ పుట్టాక, నాలుగేళ్ల విరామం తర్వాత సానియా ఫెడ్ కప్‌కు తిరిగొచ్చింది. చైనా చేతిలో ఓటమి, ఉజ్బెకిస్థాన్ మీద గెలుపు. కొరియా, చైనీస్ తైపీ, ఇండోనేసియాలతో పోరు మూడుసార్లూ 1-1 దగ్గర ఆగింది. మూడుసార్లూ సానియా, అంకితా రైనా డబుల్స్‌లో దిగి 2-1 చేశారు. మన జట్టు మొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరింది ఆ మూడు డబుల్స్ మీదనే. సింగిల్స్ భారమంతా అంకిత, రుతుజా భోస్లేలది. ఇద్దరిలో ఒకరు గెలిస్తే చాలు, మిగతాది సానియా చూసుకుంటుంది. మూడు మ్యాచ్‌ల పోరులో ఖాయమైన డబుల్స్‌కూ ఖాయమైన సింగిల్స్‌కూ విలువ ఒకటే, 75 శాతం. ఆ ఏడాది ఫెడ్ కప్ హార్ట్ అవార్డుకు ఆసియా-ఓషియానియా నుంచి సానియాకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. దానితో వచ్చిన 2,000 డాలర్లను కరోనా కాలంలో తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చేసింది.

ఏం కాదో చెప్పింది లాత్వియా. 2021 ఏప్రిల్‌లో జుర్మలాలో జరిగిన ప్లేఆఫ్‌లో పద్ధతి వేరు: మూడు కాదు, ఐదు మ్యాచ్‌లు. నాలుగు సింగిల్స్, ఆఖర్న ఒక డబుల్స్. ఇక్కడే లెక్క తిరగబడుతుంది. నమ్మకమైన సింగిల్స్ అమ్మాయి ఉంటే ఆమె రెండు మ్యాచ్‌లు ఆడుతుంది, రెండు గెలుపులు చేతికొస్తాయి, మిగతా మూడింట్లో ఒకటి చాలు, అవకాశం 87.5 శాతం. నమ్మకమైన డబుల్స్ జంట ఉంటే ఒక్క గెలుపే ఖాయం. నాలుగు సింగిల్స్‌లో రెండు గెలవాలి, అవకాశం 69 శాతం లోపే. పైగా మొదటి మూడు సింగిల్స్ పోతే డబుల్స్ వంతు వచ్చేసరికి కథ ముగిసినట్టే.

అచ్చంగా అదే జరిగింది. 2017 ఫ్రెంచ్ ఓపెన్ విజేత యెలెనా ఒస్టాపెంకోను అంకిత మూడో సెట్ దాకా లాక్కెళ్లింది: 2-6, 7-5, 5-7. ఆ మూడో సెట్ అటు తిరిగి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ అది పోయింది, ఆడిన మిగతా సింగిల్స్ కూడా పోయాయి. సానియా జంట డబుల్స్ గెలిచినా ఫలితం 1-3. ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు గెలిచిన చెయ్యి అక్కడ పనికొచ్చే సమయమే రాలేదు. దేశమంతా సానియా వారసురాలు ఎవరని అడుగుతుంటే నాకు ఆ ప్రశ్నే సరైంది కాదనిపిస్తుంది. జట్టుకు కావాల్సింది ఇంకో డబుల్స్ నంబర్‌వన్ కాదు, మొదటి వందలోనో నూట యాభైలోనో నిలకడగా ఉండే ఇద్దరు సింగిల్స్ అమ్మాయిలు.

ఆ ఇద్దరి దగ్గరకు ఎంత దూరంలో ఉన్నామో 2025 నవంబరులో తేలింది. 21 దేశాలను మూడేసి చొప్పున ఏడు గ్రూపులు చేశారు. గ్రూపు గెలిచిన ఏడింటికే 2026 క్వాలిఫయర్స్‌లో చోటు. అందులోనూ గెలిస్తే ఎనిమిది జట్ల ఫైనల్స్. అంటే మనవాళ్లు లోకంలోని మేటి ఎనిమిదికి రెండు మెట్లు కింద నిలబడ్డారు. గ్రూపు పోటీలు మన గడ్డ మీదే, బెంగళూరులో. ప్రత్యర్థులు స్లోవేనియా, నెదర్లాండ్స్. రెండింటి చేతిలోనూ ఓడాం. స్లోవేనియా ముందుకెళ్లింది. ఆ దేశ జనాభా 21 లక్షలు, అక్కడివాళ్లంతా వచ్చి హైదరాబాద్‌లో దిగినా మన ట్రాఫిక్ కొంచెం పెరుగుతుందంతే.

తేడా ర్యాంకుల్లో ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ర్యాంకు అంటే ఏమిటో చెప్పబోతే నవ్వుతారు. మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద పిల్లల ఫొటోలు, ఫొటో కింద పెద్దక్షరాల్లో అంకె. ఎప్‌సెట్ ర్యాంకు ఒకసారి వస్తే వచ్చినట్టే, సీటు దొరికాక దానితో పని తీరిపోతుంది. టెన్నిస్ ర్యాంకు అలా కాదు. గడిచిన 52 వారాల్లో తెచ్చుకున్న పాయింట్లే లెక్క, 53వ వారంలో పాతవి రాలిపోతాయి. నిరుడు గెలిచిన చోట ఈ ఏడు మళ్లీ గెలిస్తేనే ఉన్నచోట ఉంటావు.

పాయింట్ల పంపకం ఇంకా కఠినం. మహిళల చిన్న టోర్నీలు డబ్ల్యూ-15, డబ్ల్యూ-35 నుంచి డబ్ల్యూ-100 దాకా ఉంటాయి, పేరులోని అంకె విజేతకొచ్చే పాయింట్లు. 32 మంది ఆడే డబ్ల్యూ-15లో వరసగా ఐదుగురిని ఓడించి కప్పు ఎత్తితే 15 పాయింట్లు. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో మొదటి రౌండులోనే ఓడి ఇంటికొస్తే 10. కప్పు గెలిస్తే 2,000. కింద ఉన్నవాళ్లు పైకి రావడానికి ఏడాదంతా ఊళ్లు తిరగాలి, విమానం టికెట్లు కొనాలి. గ్రాండ్‌స్లామ్ క్వాలిఫైయింగ్ ఆడాలన్నా సుమారు 230 లోపు ర్యాంకు కావాలి. 2025లో మన సింగిల్స్ అమ్మాయిలు 300 అటూ ఇటూగా ఉన్నారు. దేశం కోసం పుణెలో ఆడిన ఐదు రోజులకు పడిన ర్యాంకింగ్ పాయింట్లు సున్నా; బిల్లీ జీన్ కింగ్ కప్‌కు అసలు పాయింట్లే ఉండవు.

ఇంతకీ శ్రీవల్లి, సహజ లాంటి అమ్మాయిలు తూర్పు హైదరాబాద్ నుంచి ఇంకా ఎందుకు రాకూడదు? కొలత టేపు తెచ్చి చూద్దాం. టెన్నిస్ కోర్టు గీతల మధ్య పొడవు 78 అడుగులు, వెడల్పు 36. బంతి వెంట పరిగెత్తాలంటే వెనక చెరో 21 అడుగులు, పక్కల చెరో 12 అడుగులు వదలాలి. మొత్తం 120 బై 60, అంటే 7,200 చదరపు అడుగులు. మన భాషలో సరిగ్గా 800 గజాలు. చైతన్యపురిలోనో వనస్థలిపురంలోనో 200 గజాల ప్లాటు కొని ఇల్లు కట్టుకోవడానికి జీవితమంతా ఈఎంఐ కడుతున్న వాళ్లను అడగండి, 800 గజాలంటే ఏమిటో. నాలుగు ప్లాట్లు. అవే నాలుగు ప్లాట్లలో ఐదంతస్తుల హాస్టళ్లు నాలుగు లేస్తాయి. కోర్టులో ఒకసారికి ఆడేది ఎక్కువలో ఎక్కువ నలుగురు.

బ్యాడ్మింటన్ కోర్టు గీతల మధ్య 44 బై 20 అడుగులు, 98 గజాలు. రేకుల షెడ్డు కింద రెండో మూడో ఇమిడిపోతాయి, వానొచ్చినా ఆగదు. కాలనీల్లో షటిల్ రాకెట్లు ఎందుకన్ని కనిపిస్తాయో, టెన్నిస్ రాకెట్లు ఎందుకు కనిపించవో ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

ఇక దూరం. సానియా 2013లో పెట్టిన అకాడమీ మొయినాబాద్ దగ్గర ముర్తుజగూడలో ఉంది. అది నగరానికి పడమటి కొస, ఎల్బీ నగర్ తూర్పు కొస. ఎల్బీ స్టేడియంలోని టెన్నిస్ కోర్టులు నయం. అక్కడే 2023 మార్చి 5న సానియా వీడ్కోలు మ్యాచ్ ఆడింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో వచ్చాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే ఏడో స్టేషన్ నాంపల్లి, అక్కడ దిగి ఆటో పట్టాలి. మొదటి రైలు ఉదయం 6 గంటలకు. 8 గంటలకల్లా బడిలో ఉండాల్సిన పిల్లకు మిగిలే సమయం ఎంతో తల్లిదండ్రులకు తెలుసు. ఒకవేళ ఎలాగోలా సర్దుకున్నా, ఆరేడు తరగతుల్లో ఐఐటీ ఫౌండేషన్ మొదలవగానే రాకెట్ అటక ఎక్కుతుంది. ఈ చివరి మాట నా అభిప్రాయం. అంకెలు లేవు గానీ, ఈ వీధుల్లో తిరిగేవాళ్లు కాదనరనుకుంటా.

బెంగళూరు ఓటముల తర్వాత జట్టు మళ్లీ ఆసియా-ఓషియానియా మొదటి గ్రూపుకే వచ్చింది. ఈసారి టీవీలో పోరు తగిలితే ఆఖరి డబుల్స్ దాకా ఆగకుండా మొదటి మ్యాచ్ నుంచే చూడండి. ముందు దిగేది మన రెండో అమ్మాయి. చాలాసార్లు పోరు అటో ఇటో తేలేది ఆమె దగ్గరే.