అద్దమునకు పెట్టు పరీక్ష

గాజుబిళ్లను ఇంటిలోనే అఱగదీసి దూరదర్శినికి అద్దము సిద్ధపఱచుకొనువారు లోకమున అనేకులు గలరు. అమెరికాలోని స్ప్రింగుఫీల్డను చిన్న పట్టణమున రస్సెల్ పోర్టరు అనునాతడు కొందఱికి ఈ విద్య నేర్పగా, 1925 నవంబరున సైంటిఫిక్ అమెరికన్ పత్రిక వారినిగూర్చి ప్రకటించెను. పందొమ్మిదవ కీర్తనలోని తొలిమాటలే ఆ వ్యాసమునకు శీర్షిక. అఱగదీయుట ఓపికతో కూడిన పని. దానిని విడిచి, అంతకంటె ఆశ్చర్యకరమగు పరీక్షను ఇచ్చట వివరింతుము.

6 అంగుళముల వ్యాసమును 48 అంగుళముల నాభ్యంతరమును గల అద్దమును తీసికొందము. అది మొదట గోళములోని ముక్కవలె గుంటపడును. నక్షత్రకాంతి యంతయు ఒక్కచోట చేరవలెనన్న దానిని పరవలయాకృతికి తేవలెను. ఈ రెండాకృతులకు అంచున గల భేదము అంగుళములో లక్షవ వంతుకంటె కొంచెమే హెచ్చు. పని ముగిసినపిమ్మట మిగులదగిన దోషమో, 0.00007 మిల్లీమీటరు మాత్రమే. ఏ కొలబద్ద దీనిని కొలువగలదు?

పూర్వము విలియం హెర్షెల్ అద్దమును గొట్టమున బిగించి నక్షత్రమును చూచియే దాని మంచిచెడ్డల నెఱుగుచుండెను. 1781లో ఆయన యురేనసును కనుగొన్నది అట్టి స్వహస్తనిర్మిత దర్పణముతోనే. కాని దోషము అద్దములో ఏ భాగమున నున్నదో ఆ చూపువలన తేల్చుట కష్టము. ఈ చిక్కును 1858లో ప్యారిసు నగరమున లెయోన్ ఫూకో విడదీసెను. లోలకముతో భూభ్రమణమును చూపినవాడు ఈయనయే.

చీకటిగదిలో అద్దమును నిలువుగా నుంచి, దానికి 96 అంగుళముల దూరమున, అనగా దాని వక్రతాకేంద్రమున, సూదిబెజ్జముగుండ వచ్చు దీపకాంతిని ఉంచవలెను. తిరిగివచ్చు కిరణములు దీపము ప్రక్కనే ఒక చుక్కగా చేరును. ఆ చుక్క వెనుక కన్నుంచి, ఎడమనుండి బ్లేడు అంచును మెల్లగా జరుపుచు చుక్కను కోయవలెను. అద్దము చక్కని గోళమైనచో అంతయు ఒక్కమాఱే మసకబాఱును. ఏదేని భాగము మిట్టగానో పల్లముగానో ఉన్నచో అచ్చటి కిరణములు ముందో వెనుకనో కలిసికొనును. కావున అద్దముపై వెలుగునీడలు ఏర్పడి, కొండలు లోయలవలె కనబడును. వ్రేలిని కొన్ని క్షణములు గాజుపై ఆనించి తీసినచో, ఆ వేడిమికి ఉబ్బినచోటు చిన్న గుట్టవలె తోచి మెల్లగా అణగిపోవును. చూచినవారు గాని నమ్మజాలరు! అందుచేతనే మెఱుగుపెట్టిన వెంటనే పరీక్షింపక, గాజు చల్లాఱువఱకు వేచియుండవలెను.

పరవలయాకృతి వచ్చిన అద్దము నడుమ గుంటతో గారెవలె కనబడును. కంటికి తోచినది చాలదు, కొలువవలెను. దీపమును కదల్పక బ్లేడును మాత్రము జరిపినచో, నడిమికిని అంచునకును చీకటిపడు స్థానముల యెడము మన అద్దమునకు 0.094 అంగుళము రావలెను. లక్షవ వంతు భేదము ఇట్లు సామాన్యపు స్కేలుతో కొలువదగినంతగా పెరుగుచున్నది.

అయినను ఒక్క పరీక్షనే నమ్మరాదు. 1990లో ఆకాశమునకు పంపిన హబుల్ దూరదర్శినియొక్క 2.4 మీటర్ల అద్దము అంచున 0.0022 మిల్లీమీటరు ఎక్కువ అఱిగియుండెను. పరీక్షాయంత్రములోని ఒక కటకము 1.3 మిల్లీమీటర్లు తప్పి యుండుటయే కారణము. సాధారణములగు వేఱు పరికరములు దోషమును చూపినను, ముఖ్యయంత్రమునే నమ్మి వానిని త్రోసివేసిరి. 1993 డిసెంబరున వ్యోమగాములు వెళ్లి సరిదిద్దవలసివచ్చెను.

కావున ఫూకో పరీక్షలో నెగ్గిన అద్దమును హెర్షెల్ వలెనే నక్షత్రమునకు త్రిప్పి, నాభికి ముందును వెనుకను కనబడు కాంతిబిళ్లలు ఒకే తీరున ఉన్నవేమో చూతురు. కదలనిదగుటచే ధ్రువనక్షత్రమును పలువురు ఎన్నుకొందురు. మన కృష్ణా, గుంటూరు ప్రాంతములలో అది సుమారు 16 డిగ్రీల యెత్తుననే యుండి, గాలిపొరల కదలికకు మిక్కిలి చలించును. మనకు నడినెత్తికి చేరువనుండు తారయే మేలు.