బెల్టు మడత కోసం రబ్బరు అచ్చు

మిగ్-21 మన వైమానిక దళంలో 1963 నుంచి 2025 దాకా ఎగిరింది. దాన్ని 1:48 నమూనాగా కట్టేవాళ్లు పెట్టె తెరవగానే చూసేది పైలట్ సీటు. చాలా కిట్లలో ఆ ప్లాస్టిక్ సీటు పీటలా నున్నగా ఉంటుంది. బెల్టులు ఉన్నా దిండు మీద గీసిన గీతల్లా ఉంటాయి. అందుకే విడిగా దొరికే రెజిన్ సీటు తెచ్చుకుంటారు. అందులో బెల్టు దిండు మీంచి లేచి, మడతపడి, కింద చిన్న నీడ పరుస్తుంది. గోరంత బకిల్ కూడా కాదు, గోరులో ఇరుక్కునేంత బకిల్! మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నేను భూతద్దం దించలేకపోయాను.

కిట్ చేసేవాళ్లకు చేతకాక కాదు. పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి, గట్టి ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తారు. చల్లారాక అచ్చు రెండు సగాలనూ విడదీస్తారు. ఇడ్లీ గుంట పైకి వెడల్పుగా ఉంటుంది కాబట్టే ఇడ్లీ చెదరకుండా వస్తుంది. అదే గుంట బిందెలా కడుపు వెడల్పు, మూతి ఇరుకు అయితే విరగాల్సిందే. బెల్టు అంచు కింది సందు అలాంటి బిందె కడుపే. ఉక్కు దానికోసం వంగదు.

సిలికోన్ రబ్బరు వంగుతుంది. ముందు ఒక అసలు సీటును శ్రద్ధగా తయారుచేసి, దానిచుట్టూ రబ్బరు పోసి అచ్చు తీస్తారు. పాలియాల్, ఐసోసయనేట్ అనే రెండు ద్రవాలను కలిపి అందులో పోస్తే, పల్చగా పారి, ప్రతి సందులోకీ దూరి, నిమిషాల్లో పాలియురెథేన్ రెజిన్‌గా గట్టిపడతాయి. రబ్బరును మెల్లగా సాగదీస్తే సీటు బయటికొస్తుంది. అలా సాగదీసిన ప్రతిసారీ అచ్చు కొంచెం చిరుగుతుంది. కొన్ని పదుల సీట్లతో దాని పని అయిపోతుంది, ధర ఎక్కువ కావడానికి అదో కారణం. ఈ ద్రవాలకు గాలిలో తేమ కూడా పడదు: ఐసోసయనేట్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి బుడగలు మిగులుతాయి.

కొత్తవాళ్లు తడబడేది అతికించడంలో. కిట్ జిగురు నిజానికి ద్రావణి. పాలిస్టైరీన్ అణువులు సేమ్యా పోగుల్లా విడివిడిగా ఉంటాయి కాబట్టి వాటిని కరిగించి, రెండు ముక్కల పోగులనూ కలిపేస్తుంది. రెజిన్ అణువులు చేపల వలలా ముడిపడి ఉంటాయి, కరగవు. అక్కడ ఫెవిక్విక్ లాంటి సయనోఅక్రిలేట్ కావాలి, లేదా ఎపాక్సీ. ముందుగా సబ్బునీళ్లతో కడగండి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన నూనెపొర పోకపోతే రంగు నిలవదు.

సీటు కింద రెజిన్ పోసిన చోట ఒక దిమ్మ మిగులుతుంది. సన్నటి రంపంతో దాన్ని కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నేను తడి ఉప్పుకాగితం మీదే అరగదీస్తాను, నీళ్లు పాలలా మారతాయి.

సీటుతోపాటు దాన్ని కూర్చోబెట్టే కాక్‌పిట్ తొట్టిని కూడా రెజిన్‌లో తెచ్చుకుంటే, అది నేరుగా కిట్ విమానంలో ఇమడదు. కిట్ గోడ 1 మిల్లీమీటరు ఉంటే, అసలు విమానంలో అది 48 మిల్లీమీటర్ల గోడ, మూడు వేళ్ల మందం! లోపలివైపు గీకుతూ, మధ్యమధ్య బల్బుకు ఎదురుగా పట్టి చూస్తాను. ప్లాస్టిక్‌లోంచి వెలుతురు కనిపించగానే ఆపేస్తాను.