బేకరీలో పుట్టిన కంప్యూటరు

వ్యాపార లెక్కల కోసం మొట్టమొదట కంప్యూటరు కట్టుకున్నది బ్యాంకూ కాదు, ఎలక్ట్రానిక్స్ కంపెనీ కూడా కాదు. తేయాకు కలిపి పొడి అమ్ముతూ, రొట్టెలూ కేకులూ కాలుస్తూ, ఊరూరా టీ దుకాణాలు నడిపిన ఇంగ్లండులోని జె. లయన్స్ కంపెనీ. యంత్రం పేరు లియో, అంటే లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీసు.

టీ, బన్ను అమ్మితే మిగిలేది చిల్లర డబ్బులే. ఆ చిల్లర ఎక్కడ మిగిలిందో, ఎక్కడ కారిపోయిందో కనిపెట్టడానికి గుమస్తాలు రాసే కాగితాలు మాత్రం గుట్టలు. 1923లో లయన్స్‌లో చేరిన గణితవేత్త జాన్ సిమ్మన్స్ ఆఫీసు పద్ధతుల పరిశీలనకే ఒక విభాగం నడిపాడు. ఈ చిట్టీ ఎందుకు రాస్తున్నాం, మానేస్తే ఏమవుతుంది అని అడగడమే దాని పని. లియో కథ ఎలక్ట్రానిక్ వాల్వులతో కాదు, ఈ ప్రశ్నతోనే మొదలైందని నాకనిపిస్తుంది.

1947లో థాంప్సన్, స్టాండింగ్‌ఫర్డ్ అనే ఇద్దరు అధికారులు ఆఫీసు పద్ధతులు చూడటానికి అమెరికా వెళ్లారు. మీ కేంబ్రిడ్జిలోనే మారిస్ విల్క్స్ కంప్యూటరు కడుతున్నాడు కదా అని ప్రిన్స్‌టన్‌లో హెర్మన్ గోల్డ్‌స్టైన్ వాళ్లకు చెప్పాడు! లయన్స్ విల్క్స్‌కు డబ్బు సాయం చేసింది. 1949 మేలో ఆయన కంప్యూటరు ఎడ్‌శాక్ పనిచేయడం మొదలుపెట్టడంతో, అదే నమూనాలో లయన్స్ ఇంజనీరు జాన్ పింకర్టన్ లియోను నిర్మించాడు. దాదాపు 6 వేల వాల్వులు. జ్ఞాపకశక్తి కోసం పాదరసం నింపిన 64 గొట్టాలు. అంకెలు శబ్దతరంగాలుగా మారి పాదరసంలో ఈ చివర నుంచి ఆ చివరకు చేరేవి, మళ్లీ మొదటికి వచ్చేవి. అలా తిరుగుతున్నంతసేపే గుర్తుండేవి.

1951 నవంబరులో లియో చేసిన మొదటి పని బేకరీ సరుకు విలువ కట్టడం: వారంలో ఎన్ని రొట్టెలు, కేకులు తయారయ్యాయి, ఖర్చెంత, ఎక్కడికి ఎన్ని వెళ్లాయి. వినడానికి చిన్న లెక్కే. కానీ పంటను సరుకుగా మార్చే ఏ కంపెనీకైనా అసలు చిక్కు అక్కడే. మన రైస్ మిల్లునే చూడండి. లోపలికి పోయేది ధాన్యం ఒక్కటే, బయటికొచ్చేవి బియ్యం, నూకలు, తవుడు, ఊక. తేమ ఆరితే తూకం తగ్గుతుంది. ఆ తరుగు ఎవరి ఖాతాలో రాయాలో తేల్చుకోకుండా సాఫ్ట్‌వేర్ కొంటే, కంప్యూటరు పక్కన పాత పుస్తకం కూడా నడుస్తూనే ఉంటుంది.

జీతాల లెక్కకు లయన్స్ తొందరపడలేదు. సరుకు లెక్క ఒక రోజు ఆలస్యమైతే సర్దుకోవచ్చు, జీతం ఆలస్యమైతే కార్మికుడు ఊరుకోడు. మొదట అనుకున్న టేపు పరికరాలు మొరాయించడంతో వాటిని వదిలేసి పంచ్ కార్డులకు మారారు. 1954 ఫిబ్రవరిలో గానీ ఆ భారం లియో మీద పెట్టలేదు. ఒక్కొక్కరి జీతానికి గుమస్తాకు 8 నిమిషాలు పడితే లియోకు ఒకటిన్నర సెకను సరిపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చేది అదే ఏడు మొదలైన టీ దుకాణాల ఆర్డరు పద్ధతి. అంతకుముందు ప్రతి దుకాణం మేనేజరమ్మ రేపటికి కావలసిన సరుకంతా రోజూ రాసి పంపేది. లియోకు పనులు రూపొందించే డేవిడ్ కామినర్ బృందం ఆ జాబితాను యంత్రంలోకి ఉన్నదున్నట్టు ఎక్కించలేదు. వారంలో ఏ రోజుకు ఎంత కావాలో ముందే స్థిరపరిచి, మార్పులుంటేనే ఫోను చేయమంది. అవతల అమ్మాయిలు వింటూనే కార్డులు గుద్దేవారు. బేకరీలో ఎంత కాల్చాలి, ఏ దుకాణానికి ఏం వెళ్లాలి అన్నది లియో తేల్చేది. మేనేజరమ్మకు పని తగ్గింది, ఇక కొత్త పద్ధతికి ఒప్పుకోమని ఆమెను బతిమాలాల్సిన అవసరమేముంది?

లియోలు కావాలని ఇతరులు అడగడంతో లయన్స్ 1954లో కంప్యూటర్ల కంపెనీనే పెట్టింది. 1963లో అది ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ సంస్థతో కలిసింది. మొదటి లియోను 1965లో ఆపేశారు. దాని వారసులు మాత్రం బ్రిటిష్ తపాలా శాఖ టెలిఫోను బిల్లులు వేస్తూ 1981 దాకా కొనసాగాయి.