సెకనులో పదో వంతు కోసం అయిదేళ్లు



వేసవి సెలవుల్లో మన పిల్లలు చాలామంది స్విమ్మింగ్‌లో చేరతారు. జూన్‌లో స్కూల్ తెరవగానే కొందరు మానేస్తారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ‘ఇక ఆటలు చాలు, చదువు చూసుకో’ అని మిగతావాళ్లని మనమే మాన్పిస్తాం. ఆ నిర్ణయం తీసుకునే ముందు సజన్ ప్రకాష్ గురించి ఒకసారి చదవండి.

సజన్ 1993లో కేరళలోని ఇడుక్కిలో పుట్టారు, తమిళనాడులోని నైవేలిలో పెరిగారు. తల్లి శాంతిమోల్ ఒకప్పటి అథ్లెట్. సజన్ ప్రధాన పోటీ 200 మీటర్ల బటర్‌ఫ్లై.

బటర్‌ఫ్లై ఎందుకంత కష్టం?

రెండు చేతులూ ఒకేసారి నీటిపైకి లేచి ముందుకు రావాలి. రెండు కాళ్లూ కలిపి డాల్ఫిన్ తోకలా కొట్టాలి. మలుపు దగ్గర గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి. ఫ్రీస్టైల్‌లో ఒక చెయ్యి నీటిని లాగుతుంటే రెండోదానికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. భుజాలు అలిసిపోతే లయ తప్పుతుంది, నడుము నీళ్లలోకి దిగిపోతుంది. 50 మీటర్ల పూల్‌లో ఇలా నాలుగు సార్లు ఈదాలి.

మెట్టు మెట్టుగా

2015 జాతీయ క్రీడల్లో సజన్ 6 స్వర్ణాలు, 3 రజతాలు గెలిచారు. 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లారు కానీ, అది నేరుగా అర్హత సాధించలేని దేశాలకు ఇచ్చే కోటాలో. అక్కడ హీట్స్ దాటలేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్‌కు చేరి, 1 నిమిషం 57.75 సెకన్ల జాతీయ రికార్డుతో 5వ స్థానంలో నిలిచారు. 2020లో కోవిడ్‌తో శిక్షణ ఆగింది, పైగా మెడలో డిస్క్ సమస్య వచ్చింది. కోలుకుంటూ దుబాయ్‌లో కోచ్ ప్రదీప్ కుమార్ దగ్గర మళ్లీ సాధన చేశారు.

2021 జూన్ 26న రోమ్‌లో 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదారు. ఒలింపిక్ ‘ఎ’ ప్రమాణం 1 నిమిషం 56.48 సెకన్లు. తేడా సెకనులో పదో వంతు మాత్రమే. కానీ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించిన మొదటి భారతీయ స్విమ్మర్ ఆయనే అయ్యారు. అప్పటికి ఆయన వయసు 27. కొద్ది రోజుల్లోనే శ్రీహరి నటరాజ్‌కూ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో ‘ఎ’ అర్హత ఖరారైంది.

టోక్యోలో సజన్ 24వ స్థానంలో నిలిచారు, పతకం రాలేదు. అయినా, భారతీయులకు కోటా తప్ప వేరే దారి లేదన్న మాట మాత్రం చెరిగిపోయింది.

మనం ఏం చేయొచ్చు?

• ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్ బాగా వచ్చాకే, కోచ్ సమక్షంలో బటర్‌ఫ్లై మొదలుపెట్టించండి.
• మెడ, భుజం నొప్పి అంటే ‘అదే పోతుంది’ అని వదిలేయకండి. డాక్టరుకు చూపించండి.
• పిల్లల టైమింగ్స్ ఒక నోట్‌బుక్‌లో రాయించండి. పక్క పిల్లలతో కాదు, వాళ్ల పోయిన నెల టైమింగ్‌తోనే పోల్చండి.
• పరీక్షల నెలలో ప్రాక్టీస్ తగ్గించండి, కానీ పూర్తిగా ఆపకండి.

ప్రతి బిడ్డా ఒలింపిక్స్‌కు వెళ్లాలని కాదు. ఒక పనిని ఏళ్ల తరబడి పట్టుకుని ఉండడం మాత్రం చదువుకూ పనికొస్తుంది. ఈ జూన్‌లో మాన్పించే ముందు మీ బిడ్డను ఒక్కమాట అడగండి: ‘నీకు కొనసాగించాలని ఉందా?’